మాల వేసుకున్న పిల్లగాడి కాలివేళ్లు ఎర్రగా వాచాయి: చలా, ఫంగసా, ఇంకేదైనానా?

భీమారం అమ్మ:
మా బాబుకు పదిహేనేళ్లు, పదో తరగతి. ఈసారి మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు, కన్నెస్వామి. రెండు వారాల నుంచి రెండు కాళ్ల వేళ్లూ ఎర్రబడి వాస్తున్నాయి. చిటికెన వేలు, దాని పక్క వేలు మరీ ఎక్కువ. పొద్దున అంతగా తెలియదు. రాత్రి దుప్పటి కప్పుకున్న పది నిమిషాలకు దురద మొదలవుతుంది. చాప మీద పడుకుని ఒక కాలి మడమతో ఇంకో కాలి వేళ్లు రుద్దుకుంటుంటే ఆ చప్పుడు పక్క గదిలో ఉన్న నాకు వినపడుతుంది. నిన్న లైటు వేసి చూస్తే చిటికెన వేలు అల్లనేరేడు పండులా ఊదా రంగు తిరిగి నున్నగా మెరుస్తోంది. కొంచెం నొక్కితే "అబ్బా" అని కాలు లాక్కున్నాడు.

మెడికల్ షాపులో ఫంగస్ అని చెప్పి ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజులు దురద తగ్గింది, ఆపగానే మళ్లీ మొదటికొచ్చింది. మా అత్తమ్మ చలి కొట్టింది, పసుపు వేసి కాచిన నూనె రాయమంటుంది. మా మరిది ఫోన్లో ఏదో చూసి "ఇవి కోవిడ్ వేళ్లు వదినా" అని టెన్షన్ పెట్టాడు. ఇరుముడికి ఇంకా పన్నెండు రోజులుంది. మీలో ఎవరి పిల్లలకైనా ఇలా అయిందా? మాల తీయించాలా?

ఖని ఫస్ట్ షిఫ్ట్:
అక్కా, ఇది ఫంగసే. ఇరవై రెండేళ్లు గనిలో గమ్‌బూట్లు వేసుకుని నీళ్లలో నడిచినవాణ్ని, నేను చూడని ఫంగస్ లేదు. మన దగ్గర చలికి వేళ్లు వాయడమేంది, మనమేమన్నా కాశ్మీర్‌లో ఉన్నామా? రాత్రి పన్నెండు డిగ్రీలు పడితేనే స్వెట్టర్లు తీస్తున్నాం. మీరు ట్యూబు నాలుగు రోజులకే ఆపేశారు కాబట్టి తిరగబెట్టింది. నెల రోజులు వదలకుండా రాయండి, తగ్గకపోతే నన్నడగండి.

ఉట్నూర్ సార్:
ఖని అన్నా, మీ గమ్‌బూట్ల ఫంగస్ ఎక్కడ మొదలవుతుంది? వేళ్ల సందుల్లో. అక్కడ తోలు నానిన అటుకుల్లా తెల్లబడి పొర లేస్తుంది, వాసన కూడా వస్తుంది. చాలామందికి ముందు ఒక కాలికే వచ్చి తర్వాత రెండోదానికి పాకుతుంది. అమ్మ చెప్పింది అది కాదు. రెండు కాళ్లకూ ఒకేసారి, వేళ్ల పైభాగాన, ఊదా రంగు, వెచ్చబడితే దురద.

నేను ఏజెన్సీలో టీచర్‌ని. సిర్పూర్-యు వైపు హాస్టల్ ఉన్న బడిలో ఆరేళ్లు చేశాను. జనవరిలో అక్కడ అయిదారు డిగ్రీలకు పడిపోవడం మామూలే. పిల్లలు తెల్లవారుజామునే కుళాయి కింద స్నానం చేసి, తడి కాళ్లతోనే వచ్చి ప్రార్థనకు బండల మీద నిలబడేవాళ్లు. ఏటా సంక్రాంతి ముందు ఇద్దరు ముగ్గురికి ఇవే వేళ్లు. బక్కపిల్లలకే ఎక్కువ, అందులోనూ ఆడపిల్లలకు. మొదటి ఏడాది నేనూ ఫంగస్ అనే అనుకుని పౌడర్ చల్లించాను. నెగడు దగ్గర కూర్చోబెట్టి కాళ్లు కాపించాను కూడా. అదే నేను చేసిన పెద్ద తప్పు. ఆ రాత్రి ఒక పాప ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది.

అమ్మా, ఒక్కటి చెప్పండి. బాబు పొద్దున స్నానం చేశాక ఎంతసేపటికి ఇంట్లోంచి బయటపడతాడు? కాళ్లు తుడుచుకుంటాడా?

కేయూ కుర్రాడు:
కోవిడ్ వేళ్లు అన్నదాన్ని ఎందుకు అంత తేలిగ్గా తీసేస్తున్నారు? 2020లో స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్, అమెరికా అన్నిచోట్లా డాక్టర్లు ఇవే వేళ్లు చూశారు, అదీ ఎక్కువగా టీనేజీ పిల్లల్లోనే. వైరస్ ఒంట్లో ఎన్నాళ్లు ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? ముందు దాని టెస్టు చేయించండి. చలి మనకు తాతల నాటి నుంచీ ఉంది, ఈ వేళ్లు మాత్రం ఇప్పుడే వింటున్నాం.

భీమారం అమ్మ:
సార్, మీరడిగాక ఆలోచించాను. నాలుగున్నరకు లేస్తాడు, చన్నీళ్ల తలస్నానం, పీఠం దగ్గర పూజ. ఆరింటికి బడిలో పదో తరగతి స్పెషల్ క్లాసు. తల తుడుచుకుంటాడు గానీ కాళ్లు ఎవరు తుడుచుకుంటారండీ? తడి కాళ్లతోనే గ్రానైట్ మీద అటూ ఇటూ తిరుగుతాడు. మా ఆయన బండి మీద నయీంనగర్ దాకా దింపుతారు. ఆయనకు బూట్లు, వీడికి చెప్పులు కూడా లేవు. గాలి సూటిగా వేళ్లకే తగులుతుంది. ఇన్నాళ్లూ ఇది తట్టలేదు, ఎందుకంటే పొద్దున వీడు బాగానే ఉంటాడు, గోలంతా రాత్రికే.

చర్మాల పీజీ:
నేను చర్మవ్యాధుల్లో పీజీ చేస్తున్నాను. ఫోన్లో చదివి రోగం తేల్చకూడదు కాబట్టి మీరు చూపించుకోవాల్సిందే. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం చిల్‌బ్లెయిన్స్ మీదే, అంటే చలివాపు. ఉట్నూర్ సార్ హాస్టల్లో చూసిన వేళ్లూ అవే. దీనికి మంచు కురవాల్సిన పని లేదు. సున్నాకు పైనే, ఓ పదిహేను డిగ్రీల లోపు చలికి తడి తోడైతే కొందరికి చాలు. అందుకే మంచు పేరుకునే ఊళ్లలోనే కాదు, చలికి సిద్ధపడని ఇళ్లున్న చోట్ల కూడా చూస్తాం. చలికి వేళ్ల చివర సన్న రక్తనాళాలు ముడుచుకుపోతాయి. మళ్లీ ఒక్కసారిగా వెచ్చబడితే లోపలికి వచ్చే రక్తం వేగంగా వస్తుంది, బయటికి పోయే దారి ఇంకా బిగుసుకునే ఉంటుంది. నీరు చుట్టూ ఊరి వాపు, మంట, దురద. చలి తగిలాక కొన్ని గంటలకు, ఒక్కోసారి పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలకు బయటపడుతుంది. పొద్దున బండి మీద తగిలిన చలి రాత్రి దుప్పటిలో దురద పెడితే ఆ రెండింటినీ ఎవరు కలుపుతారు? సార్ నెగడు తప్పు కూడా ఇదే. వేడినీళ్ల టబ్బులో ముంచడమూ అంతే.

కేయూ తమ్ముడూ, 2020 సంగతి నువ్వు చెప్పింది నిజమే. కానీ ఆ తర్వాత జరిగింది కూడా చూడు. స్పెయిన్‌లోని వలెన్సియాలో ఇలా వేళ్లు వాచిన 20 మంది పిల్లల్ని పరీక్షిస్తే ఒక్కరికీ కోవిడ్ పాజిటివ్ రాలేదు, యాంటీబాడీలు కూడా లేవు. ఇంకోపక్క పారిస్‌లో 50 మందిని చూసినవాళ్లు, వైరస్‌ను అణచడానికి ఒళ్లు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ స్పందన, రక్తనాళాల లోపొర దీనికి కారణమై ఉండొచ్చని 2021లో రాశారు. డాక్టర్ల మధ్య ఇది ఏకాభిప్రాయం కాలేదు. వైరస్ కాదన్న పక్షం చెప్పిన కారణం ఏంటో తెలుసా? లాక్‌డౌన్‌లో పిల్లలు బడికి పోక, సాక్సులు బూట్లు లేకుండా చల్లటి నేల మీద రోజంతా కదలకుండా కూర్చోవడం. మళ్లీ తిరిగి తిరిగి వట్టి కాళ్ల దగ్గరికే వచ్చాం. ఇక చిల్‌బ్లెయిన్స్ కొత్తవి కావు, వందల ఏళ్ల నాటి వైద్య పుస్తకాల్లోనే ఉన్నాయి.

ఖని ఫస్ట్ షిఫ్ట్:
డాక్టరమ్మా, గౌరవంతోనే అడుగుతున్నా. ఫంగస్ కాకపోతే ఫంగస్ ట్యూబుకు దురద ఎందుకు తగ్గింది?

చర్మాల పీజీ:
మంచి ప్రశ్న. అమ్మా, ఆ ట్యూబు వెనక ఏం రాసుందో చదివి పెట్టండి.

భీమారం అమ్మ:
అక్షరాలు చీమల్లా ఉన్నాయి, బాబు చేత చదివించాను. క్లోబెటాసాల్, నియోమైసిన్, మైకొనజోల్.

చర్మాల పీజీ:
మొదటిదే మీ జవాబు అన్నా. క్లోబెటాసాల్ చాలా ఘాటైన స్టెరాయిడ్. చీమ కుట్టినా, ఎగ్జిమా అయినా, చలివాపైనా నాలుగు రోజులు దురద అణిచేస్తుంది. దురద తగ్గింది కాబట్టి ఫంగసే అనుకోవడం కుదరదు. నిజంగా ఫంగస్ ఉంటే మాత్రం ఇదే ట్యూబు పైకి ఎరుపు తగ్గించి లోపల దాన్ని పెంచి పోషిస్తుంది. ఇవాళ మన దేశంలో తామర ఇంత మొండిగా తయారవడానికి ఇలాంటి కలిపి కొట్టిన ట్యూబులు ఒక పెద్ద కారణం. స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. పెడితే ఏం, షాపులో అడగ్గానే చేతికొస్తోంది. చలివాపుకు కూడా కొద్దిరోజులు స్టెరాయిడ్ పూత రాసే డాక్టర్లున్నారు, అది వాళ్లు చూసి, రోజులు లెక్కపెట్టి ఇచ్చేది. మీరు చెప్పినట్టు నెల రోజులు రాస్తే వేళ్ల మీద తోలు కాగితంలా పలచబడుతుంది.

మంథని చెల్లి:
అందరూ చలి చలి అంటున్నారు కాబట్టి నా మాట కూడా వినండి. ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు నాకూ ఇలాగే వచ్చింది. "చలికే, ఎండలొస్తే అదే పోతుంది" అన్నారు ఇంట్లో. మార్చి పోయింది, ఏప్రిల్ వచ్చింది, వేళ్లు అలాగే ఉన్నాయి. తర్వాత కీళ్ల నొప్పులు, బుగ్గల మీద ఎరుపు. చివరికి రక్తపరీక్షలో లూపస్ అని తేలింది, అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు. ఇప్పుడు మందులతో బాగానే ఉన్నాను. ఎండాకాలంలో కూడా పోకపోతే మాత్రం ఆగకండి అక్కా.

చర్మాల పీజీ:
చెల్లి చెప్పింది వందశాతం సరైనది. వేలు పుండు పడినా, జ్వరం వచ్చినా, చలికి వేళ్లు ముందు తెల్లగా పాలిపోయి తర్వాత నీలం తిరిగినా, పిల్లలు తిండి మానేసి చిక్కిపోతున్నా అది వట్టి చలివాపు అని వదిలేయకూడదు. వేడికి మండి, చన్నీళ్లలో పెడితే హాయిగా ఉందంటే అది మళ్లీ వేరే జబ్బు. ఇంట్లో అందరికీ రాత్రుళ్లు దురదంటే గజ్జి చూడాలి.

హరిహరసుత:
ఇంతసేపూ చదువుతున్నాను. ఏటా లక్షలమంది చన్నీళ్ల స్నానం చేసి వట్టి కాళ్లతో నలభై ఒక్క రోజులు దీక్ష చేస్తున్నారు. వాళ్లెవరికీ రాని వేళ్ల వాపు ఈ ఒక్క బాబుకే వచ్చిందా? మనం స్వామి మీదకు నెడుతున్నాం. పిల్లలకు ఒంట్లో పస లేదు, రోజంతా ఏసీ గదులు, బూట్లు. నాలుగు రోజులు వట్టి కాళ్లతో నడిస్తే వాళ్లే గట్టిపడతారు.

ఉట్నూర్ సార్:
సుత గారూ, మా హాస్టల్ పిల్లలు ఏసీ మొహం చూడలేదు. ఏడాదంతా వట్టి కాళ్లతో అడవిలో తిరిగేవాళ్లు. వాళ్లకూ వచ్చింది. వందమందిలో ఇద్దరికి వచ్చినంత మాత్రాన ఆ ఇద్దరి నొప్పి అబద్ధం కాదు. నాకు తోచింది ఇది: దీక్ష ఒక్కటే కారణం కాదు. దీక్షకు తోడు పదో తరగతి వచ్చింది. పాత రోజుల్లో స్వాములు స్నానం చేసి ఇంట్లోనో గుడిలోనో ఉండేవాళ్లు. ఈ పిల్లగాడు తడి కాళ్లతో ఆరింటికి బండెక్కుతున్నాడు. ఎప్పటి నియమం, ఎక్కడి స్పెషల్ క్లాసు.

పెద్దపల్లి గురుస్వామి:
స్వామి శరణం. పద్దెనిమిది యాత్రలు పూర్తయిన వాణ్ని, నా మాటగా చెప్తున్నాను. షుగర్ ఉన్న స్వాములకు నేనే గుడ్డ చెప్పులు వేసుకోమంటాను. చిన్న స్వాములు గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే వ్రతం పోతుందని నేనెప్పుడూ చెప్పలేదు. మాల తీయించకండమ్మా, పిల్లగాడు మనసులో బాధపడతాడు. మీ గురుస్వామిని అడిగి నీళ్లు మార్చండి, పీఠం ముందు కంబళి వేయండి.

హరిహరసుత:
మీ మాట కాదనలేను స్వామీ. అయితే ఈ ఏడు నీళ్లు, పై ఏడు చెప్పులు, ఆ పై ఏడు ఆన్‌లైన్ దర్శనం. ఇట్లా ఒక్కొక్కటీ సడలిస్తూ పోతే ఇక వ్రతం దేనికి?

భీమారం అమ్మ:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. వేలి పక్కన బ్లేడుతో మెల్లగా గీకి, ఆ పొట్టును గాజుపలక మీద పెట్టి మందు చుక్క వేసి మైక్రోస్కోపులో చూశారు. ఫంగస్ లేదన్నారు. చిల్‌బ్లెయిన్స్ అని చీటీ మీద రాశారు. ట్యూబు ఆపమన్నారు. పుండు లేదు కాబట్టి మాత్రలు వద్దన్నారు, ఎండలొచ్చాక కూడా ఉంటే రక్తపరీక్ష చేద్దామన్నారు. బరువు చూస్తే నలభై ఒక్క కిలోలు, దానికి మాత్రం నన్ను కోప్పడ్డారు.

మా గురుస్వామి గోరువెచ్చని నీళ్లకు ఒప్పుకున్నారు. చెప్పులకు మాత్రం బాబే ఒప్పుకోలేదు, "తోటి స్వాముల ముందు నేనొక్కణ్ని వేసుకోను" అన్నాడు. అప్పుడు మా మామయ్య అటకెక్కి తన పాత గొంగడి దించారు. గొర్రెల వాసన ఇంకా పోలేదు దానికి. ఇప్పుడు కాళ్లు బాగా తుడుచుకుని, బండి మీద మోకాళ్ల దాకా ఆ నల్ల గొంగడి చుట్టుకుని కూర్చుంటాడు. బడి గేటు వందడుగులుందనగా విప్పి నాన్న చేతికిచ్చి దిగిపోతాడు. చిటికెన వేలు ఊదా రంగు పోయి గోధుమ రంగుకు వచ్చింది, పైన సన్నగా పొట్టు లేస్తోంది. మూడు రాత్రుల నుంచి ఆ చప్పుడు లేదు. మా అత్తమ్మ మాత్రం పసుపు నూనెకే తగ్గిందని వీధంతా చెప్పుకుంటోంది.

ఖని ఫస్ట్ షిఫ్ట్:
సరే అక్కా, ఈసారికి నేనే తప్పు. కానీ ఆ గొంగడి రోజూ ఎండకు వేయండి. తడిసిన గొంగడిలో కాళ్లు పెడితే అప్పుడు నేను చెప్పిన ఫంగసే వస్తుంది.