విభజన వేరు, విభేదనం వేరు

జిగురు బూజుల (స్లైమ్ మోల్డ్‌ల) మీద వ్యాసం రాస్తున్న మిత్రులు నిన్న అడిగారు: డిఫరెన్షియేషన్‌కి 'విభజన' అని రాస్తే సరిపోతుందా అని. సరిపోదండీ, దానికి 'విభేదనం' అనాలి. ఈ జీవి విషయంలో అయితే అర్థమే తలకిందులవుతుంది.

విభజనకు మూలం భజ్ ధాతువు, పంచడం. ఒక కణం రెండు కావడం విభజన. విభేదనానిది భిద్ ధాతువు. ఒకేలా ఉన్న కణాలు వేరువేరు పనులకు తగ్గట్టు వేరువేరు రకాలుగా మారడం అది.

డిక్టియోస్టీలియం డిస్కాయిడియం అనే జిగురు బూజునే తీసుకోండి. మట్టిలో బాక్టీరియాను తింటూ ఒంటరి అమీబాలుగా బతుకుతుంది. తిండి ఉన్నంతకాలం విభజనే విభజన. తిండి కరువైతే అది ఆగిపోతుంది. కణాలు సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనంతో ఒకదాన్నొకటి పిలుచుకుని, లక్ష దాకా ఒక్కచోట చేరతాయి. ఒక్క రోజులో సన్నటి కాడ, దాని కొసన సిద్ధబీజాల ముద్ద తయారవుతాయి. సుమారు అయిదో వంతు కణాలు కాడగా మారి చచ్చిపోతాయి, మిగిలినవి సిద్ధబీజాలవుతాయి. ఇదీ విభేదనం.

ఈ మలుపు తిప్పే జన్యువుల్లో ముఖ్యమైనది యాక్‌ఏ. పీకేఏ అనే ఎంజైము తయారీని పఫ్‌ఏ ప్రోటీన్ అడ్డుకుంటూ ఉంటుంది. తిండి తగ్గేకొద్దీ యాక్‌ఏ పెరిగి ఆ అడ్డు తొలగిస్తుంది. పీకేఏ పెరిగితే గుమిగూడటానికి కావలసిన జన్యువులు పనిలోకి దిగుతాయి. యాక్‌ఏ లేని కణాలు మామూలుకంటే వేగంగా విభజన చెందుతాయి, కానీ గుమిగూడలేవు. యాక్‌ఏ మోతాదు పెంచితే విభజనే నిలిచిపోతుంది. అంటే విభజనను ఆపి విభేదనానికి దారి తీసేది ఒకే జన్యువు. రెండింటికీ ఒకే మాట వాడితే ఈ సంగతి చెప్పడానికి వాక్యమే కుదరదు!

ఒక చిక్కు మాత్రం నిజమే. పత్రికల్లో 'విభేదాలు' అంటే తగవులు, 'విభేదించారు' అంటే ఒప్పుకోలేదని. అయినా ఆ మాటను వదులుకోవద్దని నా అభిప్రాయం. మొదటిసారి వాడినచోట 'వేరువేరు రకాలుగా మారడం' అని ఒక్క ముక్క చేరిస్తే చాలు.

'బూజు' గురించీ ఒక మాట: ఇది శిలీంధ్రం కాదు, పేరు చూసి అలా రాసేయకండి.

మీ శీర్షికకు నా సూచన: 'జిగురు బూజుల్లో పెరుగుదల ఆపి విభేదనం మొదలుపెట్టే జన్యువులు'.