అప్‌డేట్: అమ్మ థైరాయిడ్ అపాయింట్‌మెంట్ అయింది

మొన్న అడిగాను కదా, శ్రీకాకుళంలో చేయించిన టెస్టులో అమ్మకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే పెరిగే హార్మోన్) 11 వచ్చింది, మాత్ర వేసుకుంటున్నా తగ్గట్లేదు, వైజాగ్‌లో ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి అని. వెళ్లొచ్చాం. పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకెళ్లమన్నవాళ్లకి థాంక్స్, డాక్టర్ గారు ముందు అవే తిరగేశారు. మందుల స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకెళ్లడం ఇంకా పనికొచ్చింది, అందులో ఐరన్, కాల్షియం చూసి ఇవెప్పుడు వేసుకుంటారమ్మా అన్నారు, అమ్మేమో "అన్నీ పొద్దున్నే టీతో ఒకేసారి మింగేస్తాను బాబూ, లేపోతే మర్చిపోతాను" అంది. అదీ సంగతి, అలా కలిపి వేసుకుంటే థైరాయిడ్ మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదట! థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలట, తర్వాత అరగంట నుంచి గంట దాకా టీ కూడా వద్దట, ఐరన్ కాల్షియంలకి 4 గంటల గ్యాప్ ఉండాలట. మెడ చేత్తో నొక్కి, గుటక వేయమని చూశారు, స్కాన్ ఇప్పుడు అక్కర్లేదన్నారు. డోస్ పెంచలేదు. యాంటీ టీపీఓకి (మన రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసే టెస్టు) బ్లడ్ ఇచ్చాం, 6 వారాల తర్వాత మళ్లీ టీఎస్‌హెచ్. అన్నట్టు జుట్టుకి బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లు టెస్టుకి కనీసం 2 రోజుల ముందే ఆపాలంట, రిజల్ట్ తప్పు చూపిస్తుందంట, మా వదిన వెంటనే ఫోన్లో నోట్ చేసుకుంది. టీ విషయంలో అమ్మ ఇంకా బేరాలాడుతోంది.