కంచే చేను మేసినట్టు: ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. శిక్షణలో భాగంగా ఒక కల్పిత వార్తకు హెడ్డింగ్ పెట్టమన్నారు. రాజ్యసభ సభ్యుడొకాయన ఒక కంపెనీలో జీతం తీసుకునే డైరెక్టరు. అదే రంగానికి చెందిన బిల్లు మీద చర్చలో మాట్లాడారు. నేను "కంచె చేను మేసింది" అని పెట్టాను. మాస్టారు కొట్టేశారు. సామెత అతికినట్టు సరిపోయిందని నాకనిపించింది. తప్పెక్కడ?

జవాబు: మాస్టారు కొట్టేయడం సబబే. ముందు చిన్న సంగతి, "కంచె" కాదు, "కంచే". ఆ దీర్ఘంలోనే సామెత బలమంతా ఉంది. గొడ్డు మేస్తే వింతేముంది? కాపలాకని వేసిన కంచే మేసిందనేగా గోల!

ఇక అసలు విషయం. "మేసింది" అన్నామంటే పని జరిగిపోయిందని తేల్చేసినట్టే. 1951లో హెచ్.జి. ముద్గల్ అనే పార్లమెంటు సభ్యుడు బొంబాయి బులియన్ అసోసియేషన్ (బంగారం, వెండి వ్యాపారుల సంఘం) దగ్గర డబ్బు తీసుకుని సభలో వాళ్ళ తరఫున పనిచేశారని విచారణలో తేలింది. బహిష్కరణ తీర్మానం సభలో ఉండగానే ఆయన రాజీనామా చేశారు. 2005 డిసెంబరులో ప్రశ్నలడగడానికి డబ్బు తీసుకున్నారని 11 మంది ఎంపీలను బహిష్కరించారు, లోక్‌సభ నుంచి 10 మంది, రాజ్యసభ నుంచి ఒకరు. అలాంటి చోట ఈ సామెతను నిక్షేపంగా వాడండి.

మీ వార్తలో మేతకు రుజువేదీ? డైరెక్టరుగా ఉండటమే నేరం కాదు. రాజ్యసభ నియమాల్లో 293 కింద సభ్యుల ప్రయోజనాల రిజిస్టరు ఒకటుంది. జీతమొచ్చే డైరెక్టరు పదవి, క్రమంగా ఆదాయం తెచ్చే పని, కంపెనీని గుప్పిట్లో పెట్టుకునేంత వాటా, ఫీజు తీసుకునే కన్సల్టెన్సీ, వృత్తిపరమైన ఒప్పందాలు - ఈ ఐదూ అందులో రాయాలి. వదులుకోమని ఆ నియమం అనదు, చెప్పమంటుంది. ఆ తర్వాతి 294 ఇంకాస్త గట్టిది. రిజిస్టర్లో రాసేశాను కదా అంటే కుదరదు. చర్చకు వచ్చిన విషయంలో తనకు ఆర్థిక ప్రయోజనం ఉంటే, ఆ మాట సభలో చెప్పాకే చర్చలో నోరు విప్పాలి.

కాబట్టి మీ వార్తలో తేలాల్సింది ఒక్కటే: ముందుగా చెప్పారా, లేదా? చెప్పి మాట్లాడితే నియమం పాటించినట్టే. చెప్పకపోతే "దాచారు" అనండి. "మేశారు" అనాలంటే దానికి వేరే ఆధారం కావాలి. అనుమానాన్ని తీర్పులా రాసేయడం మన హెడ్డింగులకు పాత జబ్బు.

మరొకరు: మరీ ఇంత మెత్తగా అయితే ఎలాగండీ? తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటుంది లోకం. ఆ అనుమానం రాకుండా చూసుకోవాల్సింది ఆయనే కదా?

జవాబు: ఇది భేషైన సామెతండీ, ఈ వార్తకు కంచె కంటే ఇదే నప్పుతుంది. వెల్లడి నియమాలు పుట్టిందే ఆ అనుమానం కోసం. కాకపోతే ప్రతి సభ్యుణ్ణీ తీసుకెళ్ళి తాటిచెట్టు కింద కూర్చోబెట్టకూడదు. లోక్‌సభ నియమం 371 చూడండి. ప్రయోజనం ఉందని ఒకరి ఓటును ప్రశ్నించాలంటే అది ప్రత్యక్షంగా, విడిగా ఆ సభ్యుడికే చెందినదై ఉండాలి. ప్రజలందరితోనో, ఒక వర్గంతోనో కలిసి పొందేది లెక్కలోకి రాదు. సేద్యం చేసే సభ్యుడు పంటల మద్దతు ధర మీద ఓటేస్తే తప్పు పట్టలేం. అదే తన ఒక్క కంపెనీకి పన్ను తగ్గించే ప్రతిపాదన అనుకోండి, అప్పుడు అడగాల్సిందే.

ప్రశ్న వేసినవారు: అర్థమైందండీ. "తన సంగతి చెప్పకుండానే చర్చకు" అని మారిస్తే బాగుంటుందా?

జవాబు: బాగుంది. కింద మొదటి వాక్యంలోనే కంపెనీలో ఆయన పదవేంటో, బిల్లు ఏంటో రాసేయండి. రేపు నిజం వార్తకు ఇలాంటి హెడ్డింగ్ పెట్టాల్సి వస్తే మాత్రం, ఆ రోజు సభా కార్యకలాపాల రికార్డు మొదట్నుంచీ చదవండి. మాట్లాడటానికి లేచిన సభ్యుడు మొదటి ఒకట్రెండు వాక్యాల్లోనే ఆ ముక్క చెప్పేసి ఉండొచ్చు.