అప్‌డేట్: తాతయ్య ఖాతా పుస్తకం దొరికింది

కడియపులంకలో మా పూలకొట్టు, నర్సరీల్లో ఏది ముందు మొదలైందో ఎలా తెలుసుకోవాలని అడిగాను కదా. పాత లెక్కలు వెతకమన్నవాళ్లందరికీ దండాలు. అటక మీద రేకుపెట్టెలో ఖాతా పుస్తకం దొరికింది! అంచులు చెదలు తినేసినా తాతయ్య పెన్సిల్ రాత చెరగలేదు. మొదటి పేజీలన్నీ మొక్కలే: "మామిడి అంట్లు 40, బాకీ." కనకాంబరం మూరల లెక్క చాలా తర్వాత వచ్చింది. అంటే నర్సరీయే ముందు. ధవళేశ్వరం కాలవ నీళ్లు, ఒండ్రుమట్టి ఉన్న ఊరు మరి. మొక్కలకి నీడ కోసం ఇప్పుడు కట్టే షేడ్‌నెట్ వల చోట అప్పుడు కొబ్బరాకుల పందిరి. దానికీ లెక్క రాశారు. 1986 ఆగస్టు గోదావరి వరద దగ్గర కొన్ని పేజీలు ఖాళీ. ఆ తర్వాత రాత నాన్నమ్మది. ఆవిడ లెక్కలు రాసేదని మాకెవరికీ తెలీదు. ఆ పేజీ చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు.