డల్కమారా తీగకూ ఒపేరా వైద్యుడికీ ఏమి సంబంధం?

ప్రశ్న (కావలి నుండి):
మా చేల కంచెల మీద అల్లుకునే ఉచ్చింతకు ఊదారంగు పూలు, ఎర్రని పండ్లు ఉంటాయి. ఐరోపాలోని డల్కమారా తీగ కూడా ఇలాగే కనిపిస్తుంది. ఈ రెండూ ఒకటేనా? ఆ పేరు ఇటాలియన్ ఒపేరా (సంగీత నాటకం)లోని వైద్యుడికి ఎందుకు పెట్టారో పెద్దలు తెలుపగలరు.

జవాబు (ఒంగోలు నుండి):
ఒకటి కావండీ, అయితే రెండూ వంగ జాతికి చెందినవే. ఉచ్చింతకు ఒళ్ళంతా వంకర ముళ్ళుంటాయి. డల్కమారాకు ముళ్ళుండవు, దాని పూరేకులు వెనక్కి మడుచుకొని, నడుమ పసుపు కేసరాలు మొనదేలి నిలబడతాయి. పండు నిగనిగలాడుతుంది గాని, ముఖ్యంగా పచ్చికాయలో సొలనిన్ వంటి విషపదార్థాలు ఉన్నందున, ఉచ్చింతాకు లాగా పచ్చడి చేసుకోవాలని ఎవరూ తలపెట్టకూడదు.

జవాబు (నెల్లూరు నుండి):
1832లో మిలాన్‌లో తొలిసారి ప్రదర్శించిన ఇటాలియన్ స్వరకర్త డోనిజెట్టి ఒపేరా ‘లెలిసిర్ దమోరె’ (ప్రేమరసం)లో డల్కమారా మన తిరునాళ్ళలో తైలం సీసాలు అమ్మేవారి వంటి మాటకారి. అతడు నెమొరీనో అనే అమాయకపు పల్లెటూరి యువకుడికి బోర్డో వైన్‌ను ప్రేమరసమని అంటగట్టి, ఒక రోజు గడిస్తేగాని గుణం కనిపించదని చెబుతాడు. ఆలోగా ఊరు దాటిపోవచ్చునని అతడి ఎత్తు. ఆ తీగ ఐరోపా వైద్యంలో చర్మవ్యాధులకు వాడుకలో ఉన్నదే కనుక, దొంగ వైద్యుడికి అంతకంటే తగిన పేరు దొరకదని నా అభిప్రాయం. ఇదే కథను వెక్కిరిస్తూ ఆంగ్ల నాటకకర్త గిల్బర్ట్ రాయగా 1866లో లండన్‌లో ఆడిన ప్రహసనం పేరు కూడా డల్కమారాతోనే మొదలవుతుంది.