ఐస్‌లాండ్ సౌత్ కోస్ట్ బస్ టూర్, అమ్మను తీస్కపోవచ్చా?

నల్గొండ తమ్ముడు:
జూన్‌ల అమ్మతోని రేక్యావిక్ పోతున్న, ఆమెకు మోకాళ్ళ నొప్పులు. గైడ్‌తోని పొద్దంత టూర్ ఉన్నది, వీక్ ఊరిదాంక ఒక్కదిక్కే సుమారు 190 కిలోమీటర్లు. కూసోగల్గుతదంటరా?

దేవరకొండ అక్క:
తీస్కపో తమ్మీ, మేం అత్తమ్మతోని పోయినం, నడుమ నడుమ ఆపుతరు. స్కోగాఫాస్ 60 మీటర్ల జలపాతం, కిందికెళ్ళి చూస్తే చాలు, మెట్లెక్కే పనిలేదు. ఇగ రేనిస్‌ఫియారా బీచ్‌ల ఆ నల్ల ఇసుక గుప్పెట్ల పడితే అంత సన్నసన్నటి నల్లరాళ్ళే, పక్కన గుట్టకు బసాల్ట్ స్తంభాలు (లావా గడ్డకట్టిన నల్లరాయి), మన చెల్కల చుట్టు పాతే కడీలు కట్టగట్టి నిలవెట్టినట్టే ఉంటయ్. లావా చల్లారుకుంట కుంచించుకపోయి పగుల్తదట, ఎండకాలం చెర్వు అడుగు నెర్రెలిచ్చినట్టు, అందుకే శాన వాటికి ఆరు మూలలు. అత్తమ్మ చేత్తోని తడుముకుంట అక్కడ్నే నిలవడ్డది.

పాలమూరు అన్న:
అక్కడ అలలతోని మాత్రం పైలం. వెనక్కి పోయినట్టే పోయి ఒక్కసారే మీదికొస్తయ్, మనుషులు పానాలు పోగొట్టుకున్నరు. బీచ్‌కాడ హెచ్చరిక లైట్ ఎర్రగ ఉంటే ఇసుకలకు దిగొద్దు, సముద్రానికి వీపు పెట్టి ఫొటో అస్సలే దిగొద్దు. నా ముంగట ఒకామెను గైడ్ రెక్కవట్టి గుంజిండు, మోకాళ్ళదాంక తడిసి వణుకుతుండె.

నల్గొండ తమ్ముడు:
అమ్మ చెయ్యి ఇడువనన్నా. 2010ల విమానాలు ఆపిన అగ్నిపర్వతం ఆ తొవ్వల కనిపిస్తదా?

దేవరకొండ అక్క:
మబ్బు లేకుంటే కనిపిస్తది, పొయ్యేటప్పుడు ఎడమదిక్కు కిటికీకాడ కూసోండ్రి.