అప్‌డేట్: రోహు చేప పిల్లలు ఎందుకు చనిపోతున్నాయో తెలిసింది

నల్లగొండలో మా కాలేజీ చేపల ల్యాబ్‌లో స్టూడెంట్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఒక ట్యాంకులో రోహు పిల్లలు రోజూ పది పదిహేను చనిపోతున్నాయని పోయిన నెల ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు అమోనియా చూడు తమ్ముడూ" అన్న మాటే నిజమైంది. చేపల విసర్జన, మిగిలిన మేత వల్ల నీళ్లలో చేరే విషం అది. సార్ టెస్ట్ కిట్‌తో చూస్తే బాగా ఎక్కువ. తప్పు నాదే. ఫిల్టర్ స్పాంజి మురికిగా ఉందని నల్లా కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా కడిగాను. అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండేది ఆ స్పాంజిలోనే. క్లోరిన్ నీళ్లకు చచ్చిపోయింది. పైగా మా నీళ్ల పీహెచ్ 8 పైనే, ఎండలు వేరే. అలాంటప్పుడు అమోనియా ఇంకా విషమవుతుందట.

రెండు రోజులు మేత ఆపాం. సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్ తీసేసిన నీళ్లతో రోజూ మూడో వంతు మార్చాం. ఆ బ్యాక్టీరియా మళ్లీ రావాలని పక్క ట్యాంకు పాత స్పాంజి ఒకటి తెచ్చి పెట్టాం. వారంలో చావులు ఆగాయి, నైట్రైట్ తగ్గడానికే ఇంకో మూడు వారాలు పట్టింది.

ఫ్లోరైడ్‌కు దీనికి సంబంధం లేదు (నల్లగొండ అనగానే అందరికీ అదే గుర్తొస్తుంది!). అవే నీళ్లున్న మిగతా ట్యాంకులు బాగానే ఉన్నాయి. టెన్షన్‌లో కొన్న యాంటీబయాటిక్ విప్పనేలేదు. ఇప్పుడు స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండుతున్నాను.